వెలగని గుండె

కలకత్తా పక్కన టికియాపారా స్టేషన్ బయట, జెరాక్స్ కొట్టు పైన, చెక్కమెట్లెక్కితే లక్ష్మీకాంతం ఆఫీసు. అక్కడికి వచ్చేవాళ్ళలో సగంమంది మెట్ల మీదే మనసు మార్చుకుని దిగిపోతారు. ఆ సాయంత్రం వచ్చిన అమ్మాయి కూడా సగందాకా ఎక్కి దిగిపోయింది. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ దిగింది.

"ఈసారి వస్తుంది మేడం. గొడుగు మడిచింది" అన్నాడు కిటికీ దగ్గరున్న గోపీనాథ్.

ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం వదిలేసి గోపీనాథ్ లక్ష్మీకాంతం దగ్గర సహాయకుడిగా చేరాడు. ఆవిడ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని అతని నమ్మకం. రైల్వే రక్షణ దళంలో దొంగల్ని పట్టీ పట్టీ, పై అధికారితో పడక బయటికొచ్చిన మనిషి లక్ష్మీకాంతం. యాభై దాటాయి. ఎదుటివాళ్ళు చెప్పేది వినేటప్పుడు మరమరాల్లోంచి పల్లీలు ఏరుకుని తినడం ఆవిడ అలవాటు. పల్లీలు నమలడం ఆగిందంటే ఎదుటివాడి పని అయిపోయినట్టే.

అమ్మాయి లోపలికొచ్చి కూర్చుంది. పేరు మనోజ్ఞ. న్యూ టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

"మా నాన్నకి ఎవరో మందు పెడుతున్నారండి" అంది. అని, తన నోటినుంచి ఆ మాట వచ్చినందుకు తనే భయపడినట్టు తలుపు వైపు చూసింది.

ఆమె చెప్పిందంతా కూడగడితే సంగతి ఇది. తండ్రి కూర్మయ్య రిటైరైన రైలు డ్రైవరు. సంత్రాగాఛిలో సొంత ఇల్లు. తల్లి లేదు. అన్న జయప్రకాశ్, వదిన పుష్పరాణి ఆయనతోనే ఉంటారు. చలికాలం మొదలైనప్పటినుంచి ఆయనకు మతిమరుపు, నడకలో బిగుతు, నిద్రలో కేకలు. ఆపైన లేని మనుషులు కనబడటం: శనివారాలు ఎవరో వస్తున్నారనీ, గోడమీద ఎర్ర పురుగు పాకుతోందనీ. డాక్టరు గుండెకు స్కాన్ రాసింది.

"మతిమరుపుకి గుండె స్కానేమిటండీ?" అన్నాడు గోపీనాథ్.

"అందులోనే తెలుస్తుందట, ఏ రకం మతిమరుపో. నాన్నది లూయీ బాడీ అని తేలింది. తగ్గేది కాదన్నారు." మనోజ్ఞ గొంతు సవరించుకుంది. "సోమవారం కోర్టులో వేసే కాగితాల మీద నేను సంతకం పెట్టాలి. నాన్నకి మతి లేదని, ఇకమీద ఆయన తరఫున అన్నీ నేనే చూస్తానని."

"ఈ ఆలోచన ఎవరిది?"

"మా ఆయనది. ఇల్లు ప్రమోటర్లకి ఇచ్చి అపార్ట్‌మెంట్లు కట్టించాలని అన్నయ్య చూస్తున్నాడని ఆయన అనుమానం. నాన్నేమో తను బతికుండగా ఒక్క ఇటుక కదలకూడదంటారు. మా ఆయన సాయివర్ధన్ చాలా చేశారండి నాన్నకి. ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో పని, అందుకని స్కాన్ ఎక్కడ చేయించాలో ఆయనే కనుక్కుని, సెలవు పెట్టి తీసుకెళ్ళారు. ఫిబ్రవరి, మార్చి హైదరాబాద్‌లో ఉన్నా రోజూ ఫోన్ చేసి నాన్న గురించి అడిగేవారు. శనివారాలు వదిన గుడికి పోతుంది, అన్నయ్యకి డ్యూటీ, నాకు ఆఫీసు. అప్పుడు నాన్న దగ్గర కూర్చునేది ఆయనే."

"మరి మందు పెడుతున్నది ఎవరనుకుంటున్నారు?"

మనోజ్ఞ తల దించుకుంది. "వదిన ఏదో నూరి అరటిపండులో కూరడం చూశాను. నన్ను చూసి కొంగు కింద దాచేసింది. మొన్న నాన్న నా చెయ్యి పట్టుకుని, 'అమ్మీ, నన్ను పిచ్చోణ్ణి సేత్తన్నారే. నాను సూసింది నిజవేనే' అన్నారు. ఆ చెయ్యి పట్టుకున్న పట్టు పిచ్చివాడిది కాదండి. సోమవారం నేను సంతకం పెట్టేస్తే, ఆ తర్వాత నాన్న ఏం చెప్పినా ఎవరూ వినరు. నేను కూడా విననక్కర్లేదని రాసినట్టే."

లక్ష్మీకాంతం పల్లీలు నమలడం ఆపింది.

"ఇక్కడికి వచ్చినట్టు ఎవరికీ చెప్పకండి. మీ ఆయనక్కూడా. రేపు నేను మీ అమ్మగారి పాత స్నేహితురాలిగా వస్తాను."

* * *

సంత్రాగాఛి ఇంటి అరుగు మీద కూర్మయ్య బల్లకు ఆనించి పెట్టిన బస్తాలా బిగుసుకుని కూర్చున్నాడు. లక్ష్మీకాంతం నమస్కారం పెట్టి, "బాగున్నారా అన్నయ్యగారూ? నన్ను గుర్తుపట్టారా?" అంది.

ఆయన చాలాసేపు చూశాడు. "లేదమ్మా. నువ్వెవరో నాకు తెల్దు."

అది నూటికి నూరుపాళ్ళు నిజం. అంతకుముందు ఆవిణ్ణి ఆయన ఎన్నడూ చూడలేదు. అయినా పుష్పరాణి జయప్రకాశ్ మొహం చూసి నిట్టూర్చింది. వెంట వచ్చిన గోపీనాథ్‌కి ఒళ్ళు మండింది. ఒకసారి పిచ్చివాడన్న ముద్ర పడితే నిజం చెప్పినా రోగమే అనుకుంటారు కదా అనుకున్నాడు.

"శనివారం ఎవరో వస్తున్నారట?" అందావిడ, కూర్మయ్య పక్కనే చతికిలబడి.

"టోపీ ఎట్టుకున్నోడు. సేతిలో చిన్న డబ్బా. ఈ గోడకాడ నిలబడి డబ్బా ఆనిస్తాడు. ఆ గోడమీద ఎర్ర సుక్క పడతాది. రాసుకుంటాడు. ఎల్లిపోతాడు." ఆయన మాట ముక్కులోంచి వస్తోంది. నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంటున్నాడు.

"ఎర్ర పురుగు అని విన్నానే?"

"పురుగని నానెప్పుడన్నాను? సుక్క అన్నాను. పురుగన్నది అల్లుడుగారు. జలమంతా సిగ్నళ్ళు సూసినోణ్ణి తల్లీ, ఎర్ర దీపానికీ పురుక్కీ తేడా తెల్దా నాకు?"

"జలుబు చేసిందా?"

"సలికాలంనుంచి ముక్కు ఇలాగే దిబ్బడేసుకుపోనాది. తుమ్ము లేదు, సీమిడి లేదు."

వంటింట్లో పుష్పరాణిని లక్ష్మీకాంతం మాటల్లోకి దింపింది. ఎక్కువ శ్రమ పడనక్కర్లేకపోయింది. రోలు చూపించి "ఇందులో ఏం నూరుతున్నావమ్మా?" అనేసరికి ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మాత్రలండి. డాక్టరు రాసినవే. మావయ్యగారు మింగరు, ఉమ్మేస్తారు. నూరి అరటిపండులో ఎడతన్నాను. మనోజ్ఞ సూసి ఏటేటో అనుకుంటాదని దాచీసినాను. నాను పెట్టే మందులు బీపీకీ షుగరుకీ, అంతేనండి. డాక్టరమ్మ అడిగిందనీ, ఏయే మందులు వాడతన్నామో సెప్పమనీ సాయివర్ధన్ అన్నయ్యగారు ఫోన్ చేస్తే అయే సెప్పినాను."

"మందులు సరే. పొద్దున లేచినప్పటినుంచి పడుకునేదాకా ఆయన నోట్లోకి ఏమేం పోతాయో అది చెప్పు."

పుష్పరాణి వేళ్ళు మడిచింది. "పొద్దున టీ, మరమరాలు. మజ్జానం అన్నం, పప్పు, దొరికితే చేప. సాయంత్రం టీ. రాత్రికి రొట్టె. పడుకునే ముందు పాలు, లేహ్యం. నాను ఏటో తెలీని మందు పెట్టే మనిషినాండి? నాకు తండ్రి లేడు, ఆయనే తండ్రి."

"నువ్వు కాదులే. ఏడవకు. లేహ్యం ఎక్కడిది?"

"అన్నయ్యగారు కవిరాజు ఆయుర్వేదం కొట్లోంచి తెస్తారు. జ్ఞాపకానికి మంచిదంట. మొన్న జామాయి షష్ఠికి, అదేనండి ఇక్కడి అల్లుళ్ళ పండక్కి, మేం బట్టలు పెడితే ఆయన తిరిగి లేహ్యం సీసా తెచ్చినారు. అలాటి అల్లుడు ఎవరికుంటాడండి?"

లక్ష్మీకాంతం తలూపి చేపల ధర గురించి మాట్లాడటం మొదలుపెట్టింది.

జయప్రకాశ్ వాకిట్లోనే ఎదురుతిరిగాడు. "మీరు అమ్మ స్నేహితురాలు కాదు. అమ్మ స్నేహితురాళ్ళందరూ నాకు తెలుసు. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?"

"ఎవరైనా సరే, ఒకటి చెప్పండి. ఈ ఆర్నెల్లలో మీ నాన్న ఎప్పుడైనా బాగున్నారా?"

అతను కొంచెం మెత్తబడ్డాడు. "ఉగాదికి. ముందు రెండు మూడు వారాలనుంచే తేరుకున్నారు. పచ్చడి తనే కలిపినారు. వేపపువ్వు ఎక్కువైందని నేనంటే నెత్తిన మొట్టినారు కూడా. ఆ తరవాత మళ్ళీ మొదలు."

అతను అక్కణ్ణుంచి నేరుగా స్టేషన్ దగ్గరున్న టీ కొట్టుకు వెళ్ళాడు. తెల్ల బొలేరో పక్కన నిలబడ్డ లావుపాటి మనిషితో చేతులూపుతూ మాట్లాడాడు. గోపీనాథ్ ఆ మనిషి ఎవరో కొట్టువాణ్ణి అడిగి తెలుసుకుని ఉరుక్కుంటూ వచ్చాడు.

"ప్రమోటర్ మేడం! మనోజ్ఞగారి అనుమానం నిజమే. అన్నగారే ఇల్లు అమ్మేస్తున్నాడు!"

"నువ్వు విన్నావా, చూశావా?"

"చూశాను."

"చూసినవాడివి వినాల్సింది" అంది లక్ష్మీకాంతం.

అంతలో వీధి మలుపులో క్యాబ్ ఆగింది. సాయివర్ధన్ మిఠాయి పొట్లంతో దిగాడు. తెల్లచొక్కా, చిరునవ్వు. ఇంట్లోవాళ్ళంతా లేచారు. పుష్పరాణి కుర్చీ తుడిచింది, ఫ్యాను తిప్పింది. కూర్మయ్య సైతం గోడ పట్టుకుని లేవబోయాడు.

"లేవకండి మామయ్యా, మీరు పెద్దోళ్ళు" అంటూ సాయివర్ధన్ ఆయన భుజం నొక్కి కూర్చోబెట్టాడు. తర్వాత లక్ష్మీకాంతం వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఏమన్నా చెప్పిండా? పట్టించుకోకండి. లూయీ బాడీల అట్లనే కనబడతయట. చాలా బాధనిపిస్తది."

"మీరు శనివారాలు ఉంటారటగా. ఆ టోపీ మనిషి వచ్చినప్పుడు ఆయన ఎలా ఉంటారు బాబూ?"

"ఎవరూ రారండి. నేను పక్కనే ఉంట గదా. ఖాళీ గోడ జూసి మాట్లాడుతడు."

* * *

స్కాన్ రాసిన డాక్టర్ నందితా బాగ్చీ ముందు అనుమానంగానే చూసింది. మనోజ్ఞ పక్కన కూర్చుని అనుమతి ఇచ్చాక రెండు బొమ్మలు వెలుగుబల్ల మీద పెట్టింది.

"మతిమరుపు జబ్బులు అన్నీ ఒకటి కాదు" అంది బెంగాలీలో. "అల్జీమర్స్‌లో పాడయ్యేది మెదడు. లూయీ బాడీలో మెదడుతోపాటు గుండెకు వెళ్ళే సన్న నరాలు కూడా దెబ్బతింటాయి. నరానికి పట్టే మందొకటి ఇంజెక్షన్ చేసి, ఛాతీని ప్రత్యేకమైన కెమెరాతో తీస్తాం. నరాలు బాగుంటే గుండె వెలుగుతుంది. ఇది వేరే మనిషిది. ఇదిగో, కూర్మయ్యగారిది."

మొదటి బొమ్మలో ఛాతీ మధ్య గుండె పొయ్యిలో నిప్పుకణికలా వెలుగుతోంది. రెండోదాంట్లో కాలేయం కనిపిస్తోంది, గొంతు కనిపిస్తోంది. గుండె ఉండాల్సినచోట ఏమీ లేదు. మనోజ్ఞ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"లూయీ బాడీ కాకుండా ఇంకేదైనా ఇలా గుండెను మాయం చేస్తుందా?" అంది లక్ష్మీకాంతం.

"కొన్ని గుండెజబ్బులు చేస్తాయి. ఆయనకవి లేవు. కొన్ని మందులు చేస్తాయి. అందుకే నేను అడిగాను. మాత్రలే కాదు, కవిరాజీ మందులేమైనా వాడుతున్నారా అని విడిగా అడిగాను. కలకత్తాలో అడక్కపోతే ఎవరూ చెప్పరు. వెంట వచ్చినవాళ్ళు ఏమీ లేవన్నారు."

"మూసుకుపోయిన ముక్కు, ఒళ్ళు బిగుతు, పీడకలలు, ఈ మాయమైన గుండె. ఇవన్నీ ఒక్క మందుతో వస్తాయా డాక్టర్?"

డాక్టరు కళ్ళజోడు తీసింది. "నాకు అనుమానమున్న వేరు ఒకటుంది. ఆయన తింటున్నది తెచ్చి ఇస్తే పరీక్ష చేయిస్తాను."

ఆ సాయంత్రమే లేహ్యం సీసాలో సరుకు మారింది. సీసా అదే, చీటీ అదే. లోపల మాత్రం గోపీనాథ్ ఆఫీసు స్టవ్ మీద ఖర్జూరం, బెల్లం, శొంఠి వేసి ఉడికించిన పదార్థం. పాత సరుకు పరీక్షకు పోయింది. ఆ తర్వాత వచ్చిన సీసాకీ అదే గతి పట్టింది.

"సోమవారం సంతకం ఎలా ఆపుతారు మేడం?" అన్నాడు గోపీనాథ్, గరిటె నాకుతూ.

"ఎల్లుండినుంచి ఏ మాసం?"

"ఆషాఢం!"

"శూన్యమాసంలో ఆస్తి కాగితాలమీద సంతకం పెట్టనని ఆడపిల్ల అంటే ఏ మొగుడు కాదంటాడు? కాదన్నవాడు ఎందుకంత తొందరపడుతున్నాడో చెప్పుకోవాలి."

సాయివర్ధన్ కాదనలేదు. "శ్రావణంల మంచి రోజు జూద్దాం" అని నవ్వేశాడు.

* * *

శ్రావణం వచ్చిన మొదటి ఆదివారం, వాన వెలిశాక, కూర్మయ్య ఇంటి ముందుగదిలో అందరూ చేరారు. సంతకానికి మంచి రోజు అదేనని సాయివర్ధన్ అనుకున్నాడు. తీరా చూస్తే డాక్టర్ బాగ్చీ ఉంది, గోపీనాథ్ ఉన్నాడు, అమ్మ స్నేహితురాలు మధ్యలో కూర్చుని ఉంది. అతని చిరునవ్వు కొంచెం పలచబడింది. కూర్మయ్య మాత్రం ఎవరి సాయం లేకుండా లోపలినుంచి నడిచివచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. ముక్కు దిబ్బడ తగ్గింది. మాట శుభ్రంగా ఉంది.

"నా పేరు లక్ష్మీకాంతం. నేను డిటెక్టివ్‌ని" అందావిడ. "ఈ ఇంట్లో కూర్మయ్యగారి మీద ముగ్గురు సాక్షులు నిలబడ్డారు. ఒంటి బిగుతు, లేని మనిషి కనబడటం, వెలగని గుండె. ముగ్గురూ ఒకే మాట చెప్పారు: లూయీ బాడీ. దొంగసాక్షులు కూడబలుక్కున్నప్పుడే అంత చక్కగా ఒకే మాట చెప్తారని నా అనుభవం."

"ఎవరు కూడబలికించారు?" అన్నాడు జయప్రకాశ్.

"మొదట మీ మీదే అనుమానం వచ్చింది. ప్రమోటర్‌తో మీరు మాట్లాడటం మావాడు చూశాడు. తర్వాత ఆ ప్రమోటర్‌నే అడిగించాను. ఇంటి జోలికొస్తే కాళ్ళు విరగ్గొడతానని మీరే బెదిరించారట."

మనోజ్ఞ అన్నవైపు చూసి మొహం తిప్పుకుంది. సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"లేని మనిషి సంగతి చూద్దాం. గోపీనాథ్!"

గోపీనాథ్ జేబులోంచి చిన్న డబ్బా తీసి గోడకు ఆనించి నొక్కాడు. ఎదురు గోడమీద ఎర్రటి చుక్క నిలబడింది.

"అదే!" కూర్మయ్య కుర్చీలోంచి లేచిపోయాడు. "అదేనమ్మా! నాను సెప్పలేదా!"

"గదుల కొలతలు తీసే యంత్రం. టోపీ మనిషి ప్రమోటర్ దగ్గర సర్వేయరు. 'జామాయిబాబు పిలిస్తే వెళ్ళాను' అని, అంటే ఈ ఇంటి అల్లుడు పిలిస్తేనని, గోపీనాథ్‌తో చెప్పాడు. రమ్మంటే ఇక్కడికీ వస్తాడు."

పుష్పరాణి చేతిలోని కాఫీ గ్లాసు పక్కన పెట్టేసింది.

"కొలతలు తీయించిన." సాయివర్ధన్ గొంతు ఇంకా నిబ్బరంగానే ఉంది. "ఇల్లు విలువ తెలిస్తే మంచిదని. అది నేరమా?"

"కాదు. పక్కనే కూర్చుని ఎవరూ రాలేదనడం, చుక్కని పురుగుగా మార్చి డాక్టరుకి చెప్పడం, దాన్నేమంటారో మీరే చెప్పండి. ఇక ఒంటి బిగుతు, గుండె. డాక్టర్?"

"సీసాలో సర్పగంధ వేరు పొడి ఉంది. వెనకటిరోజుల్లో రక్తపోటుకీ, పిచ్చికీ ఇచ్చేవారు" అంది డాక్టర్ బాగ్చీ. "ఇంత మోతాదులో తింటే ముక్కు మూసుకుపోతుంది, ఒళ్ళు బిగుస్తుంది, పీడకలలొస్తాయి. స్కాన్‌లో గుండె వెలగదు."

"అయితే కవిరాజుని పట్టుకోండి. నాకేం తెలుసు?"

"అదే కొట్లో అదే లేహ్యం మేమూ కొన్నాం. శుభ్రంగా ఉంది. కొట్టుకీ ఈ ఇంటికీ మధ్యలో పొడి కలిసింది." లక్ష్మీకాంతం పుష్పరాణి వైపు చూసింది. "ఈ అమ్మాయి లేహ్యం పేరు చెప్పలేదు. అందులో కపటం లేదు. మనవాళ్ళకి మందంటే మాత్ర, సీసా మందు, సూది. లేహ్యం తినే వస్తువు. అందులోనూ అల్లుడు తెచ్చింది ప్రసాదంతో సమానం, దాన్నెవరూ మందుల్లో కలపరు. సాయివర్ధన్‌గారు ఆ మర్యాద మీదే లెక్క వేసుకున్నారు. ఉగాదికి ఆయన హైదరాబాద్‌లో ఉన్నారు, సీసా అయిపోయింది, మామగారు తేరుకున్నారు. ఆయన తిరిగొచ్చారు, సీసా వచ్చింది, రోగం వచ్చింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి ఉగాది పచ్చడి ఎవరు కలిపారో తెలిసుండదు."

"నాకు మెడిసిన్ రాదు! ఏ మందు గుండెను దాస్తదో నాకెట్ల తెలుస్తది?"

"స్కాన్‌కి ముందు ఏవి మానాలో రోగికి చెప్పే సాఫ్ట్‌వేర్ మీ కంపెనీదే. మానాల్సినవే పెట్టారు మీరు. డాక్టర్‌గారూ, ఆ రోజు కవిరాజీ మందులున్నాయా అని మీరు అడిగింది ఎవర్ని?"

డాక్టరు వేలు ఎత్తి చూపించలేదు. సాయివర్ధన్ మొహంలోకి నేరుగా చూసింది. "ఇతన్నే. ఇంకెవరూ రాలేదు. 'మా ఇంట్లో అలాంటివి నమ్మరు' అన్నాడు."

నెలనెలా చేత్తో తెచ్చిన సీసా. సాయివర్ధన్ డాక్టరు నుంచి చూపు తిప్పుకుని మనోజ్ఞ వైపు చూశాడు.

"మనోజ్ఞా, మనకోసమే. ఆయనకి ఎట్లయినా మతిమరుపు వస్తనే ఉండె..."

"బయటికి నడు" అంది మనోజ్ఞ. కేక వేయలేదు. కానీ ఆ గొంతు విని జయప్రకాశ్ లేచి తలుపు బార్లా తెరిచాడు. గుమ్మం బయట జగాఛా ఠాణా పోలీసులు కాచుకుని ఉన్నారు. లక్ష్మీకాంతం ఏ పనీ సగంలో వదలదు.

జీపు వెళ్ళాక డాక్టర్ కొత్త బొమ్మ తీసి మనోజ్ఞ చేతిలో పెట్టింది. కిందటివారం రెండోసారి తీసిన స్కాన్. ఛాతీ మధ్యలో, కొంచెం ఎడమగా, గుండె వెలుగుతోంది.

"లూయీ బాడీ కాదు. బిగుతు పూర్తిగా పోతుంది" అంది డాక్టర్. తర్వాత మెల్లగా, "కానీ అబద్ధం చెప్పను. మతిమరుపు కొంత ఉంది. అది ఆ పొడివల్ల వచ్చింది కాదు. అల్జీమర్స్ మొదటి మెట్టు. నెమ్మదిగా పోతుంది. ఇంకా కొన్నేళ్ళు తన మాట తను చెప్పుకోగలరు."

మనోజ్ఞ ఆ బొమ్మను గుండెకు ఆనించుకుని ఏడ్చింది. పుష్పరాణి వచ్చి పక్కన కూర్చుంది. మనోజ్ఞ ఆమె చెయ్యి పట్టుకుని "వదినా, నన్ను క్షమించు" అంది. "ఊరుకోయే" అంది పుష్పరాణి, తనూ ఏడుస్తూ.

గోపీనాథ్ గొడుగులు తీశాడు. గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి కూర్మయ్య గొంతు వినబడింది. ఆయన గదంతా కలియజూస్తున్నాడు. ఎవరో తక్కువైనట్టు.

"అమ్మీ, అల్లుడుగారేరీ? కాఫీ ఇచ్చినారా ఆయనకి?"

జయప్రకాశ్ "ఆఫీసు పనిమీద..." అని ఏదో సర్దిచెప్పబోయాడు. మనోజ్ఞ చెయ్యెత్తి ఆపింది.

"వద్దన్నయ్యా. ఈ ఇంట్లో నాన్నకి ఇంకెవరూ అబద్ధం చెప్పొద్దు."

ఆమె కళ్ళు తుడుచుకుని తండ్రి కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది. ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"ఆయన ఇంక రారు నాన్నా."

"ఏం? ఏటైనాది?"

"చెప్తాను. నువ్వు చూసిన ఎర్ర చుక్క నిజమే నాన్నా" అని మనోజ్ఞ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.